చెక్కు తీసి పారేసిన మందు

(ఒక డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర విభాగం ఏర్పాటు చేసిన సభలో సర్పగంధ వేరు గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఈ ముక్క చూడండి. ఇలా ముందు వరస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ వెనక్కి పంపండి. ముట్టుకోండి, వాసన చూడండి. నోట్లో మాత్రం పెట్టకండి. చిటికెన వేలంత లావు, వంకర్లు తిరిగి ఉంటుంది. పైన బూడిద కలిసిన పసుపు రంగు, నిలువునా సన్నని బీటలు. విరిస్తే నార లేవదు, టక్కున విరిగిపోతుంది. లోపల పాలిపోయిన తెలుపు. ఎండిన వేరుకి చెప్పుకోదగ్గ వాసనంటూ ఉండదు. చేదు మాత్రం వేపని మరిపిస్తుంది. ఇదే సర్పగంధ. మన భాషలో పాతాళగంధి అని కూడా అంటారు. శాస్త్రంలో దీని పేరు రావుల్ఫియా సెర్పెంటైనా.

మొక్కని చూస్తే ఇంత కథ ఉన్నదని ఎవరూ అనుకోరు. మోకాలెత్తు పొద. కణుపు చుట్టూ మూడేసి, నాలుగేసి ఆకులు. గుత్తులుగా తెల్లటి పూలు, వాటి కాడలు ఎర్రగా ఉంటాయి. కాయలు మొదట ఆకుపచ్చగా ఉండి, పండితే నేరేడు పండు రంగుకి తిరుగుతాయి. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, ఏడాకుల పాల, ఇవన్నీ దీని చుట్టాలే, ఒకే కుటుంబం. హిమాలయాల దిగువ అడవుల్లో, పడమటి కనుమల్లో, మన తూర్పు కనుమల్లో తేమ ఉన్న చోట నీడన పెరుగుతుంది.

పేరులో పాము ఎందుకొచ్చిందంటే వేరు పాములా మెలికలు తిరిగి ఉంటుందని కొందరు, పాము కాటుకి వాడేవారని కొందరు అంటారు. లిన్నేయస్ దీనికి పెట్టిన పాత పేరుకీ పాము కొయ్య అనే అర్థం. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ వేరు పాము విషానికి విరుగుడు కాదు. కాటు పడితే వేరూ వద్దు, మంత్రమూ వద్దు. కదలకుండా ఉంచి, దొరికిన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళండి, విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుంది. ఈ పేరుని నమ్ముకుని పోగొట్టుకున్న గంట మళ్ళీ రాదు.

సరే, వేరులోకి వెళ్దాం.

నేను కొత్తగా ఫార్మసీ కాలేజీలో పాఠం చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పొరపాటు చేశాను. మీలో రేపు ల్యాబులో పనిచేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పిల్లల ప్రాక్టికల్ కోసం సర్పగంధ వేర్లు తెప్పించాం. మట్టి కొట్టుకుని, చూడ్డానికి మురికిగా ఉన్నాయి. శుభ్రం చేద్దామని కడిగించి, అల్లానికి చెక్కు తీసినట్టు కత్తితో పైతోలు గీకించాను. లోపలి తెల్లటి కొయ్య దంచి, పొడి చేసి, ఆల్కహాల్లో నానబెట్టి, సారం తీశాం. దాన్ని సిలికా పూసిన గాజు పలక మీద చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెట్టి పైకి పాకనిచ్చి, ఆరబెట్టి, డ్రాజెండార్ఫ్ ద్రావకం చల్లాం. ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలు తయారుచేసుకునే నైట్రోజన్ ఉన్న క్షార పదార్థాలు, ఉంటే అక్కడక్కడా నారింజ రంగు మచ్చలు తేలాలి. మాకు వెతుక్కుంటే కనిపించీ కనిపించనట్టు ఒక్క మరక. అంతే. పిల్లలు నా మొహం చూస్తున్నారు. దుకాణంవాడు ఏదో నకిలీ వేరు అంటగట్టాడనుకున్నాను.

మా ల్యాబు అటెండరు నాకంటే పదిహేనేళ్ళు పెద్దాయన. ఆయన గీకిన తోలు పారెయ్యకుండా పాత పాలడబ్బాలో ఉంచారు. "మేము ఎప్పుడూ తోలుతోనే దంచేవాళ్ళమండీ, ఇది కూడా ఒకసారి చూడండి" అన్నారు. మర్నాడు ఆ తోలుని అదే పద్ధతిలో నానబెట్టి, అలాంటిదే కొత్త పలక మీద చుక్క పెట్టాం. ద్రావకం చల్లగానే మచ్చ తర్వాత మచ్చ, కింద నుంచి పైదాకా నిచ్చెన మెట్లలా తేలింది. అతినీలలోహిత దీపం కింద ఇంకో పలక పెడితే చీకట్లో మిణుగురుల్లా మెరిశాయి. సర్పగంధ వేరులోని ఆల్కలాయిడ్లలో సుమారు 90 శాతం ఆ బెరడులోనే ఉంటాయి. నేను మందుని గీకించి పక్కన పెట్టి, కట్టెని నానబెట్టాను. ఆ రోజు నుంచి ఏ వేరు చేతికొచ్చినా ముందు తోలు చూడటం నాకు అలవాటైంది.

ఈ సంగతి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. సర్పగంధ చరిత్రలో పెద్దపెద్దవాళ్ళు కూడా దాదాపు ఇదే దారిలో నడిచారు. అసలు సరుకు వాళ్ళు పక్కన పెట్టినదాంట్లో ఉండిపోయింది. అది బయటపడటానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

1931వ సంవత్సరం. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన తిబ్బియా కళాశాల. అక్కడ సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్త, జర్మనీలో చదువుకుని వచ్చినాయన, ఈ వేరు మీద కూర్చున్నారు. స్ఫటికాలుగా ఐదు ఆల్కలాయిడ్లు విడదీశారు. మొదటిదానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. అప్పటికే కాలం చేసిన అజ్మల్ ఖాన్‌కి అది ఆయన కట్టిన గుడి. ఆ తర్వాత అజ్మలినీన్, అజ్మలిసీన్, సెర్పెంటీన్, సెర్పెంటినీన్. ఒక ఔషధ మొక్కకి ఇంత శుభ్రంగా రసాయన జాతకం రాసిన పని మన దేశంలో అప్పటికి అరుదు.

సరిగ్గా అదే సంవత్సరం కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు. పిచ్చికీ రక్తపు పోటుకీ పనికొచ్చే కొత్త భారతీయ ఔషధం అని. అది వాళ్ళకి కొత్త గానీ జనానికి కొత్త కాదు. బీహారు వైపు పల్లెల్లో దీన్ని పిచ్చి మందు అనే పేరుతోనే అమ్మేవారు. సేన్, బోస్ పూటకి 20 నుంచి 30 గ్రెయిన్ల పొడి, అంటే గ్రామున్నరకి అటూ ఇటూ, రోజుకి రెండుసార్లు ఇచ్చేవారు. కేకలు వేసి, కొట్టి, తిండి మానేసిన రోగులు నెమ్మదించారు. రక్తపు పోటు కూడా దిగింది.

ఇప్పుడు చిక్కుముడి ఎక్కడ వచ్చిందో చూడండి. పొడి ఇస్తే రోగి నెమ్మదిస్తున్నాడు. పొడిలోంచి తీసిన స్వచ్ఛమైన స్ఫటికాలు ఇస్తే మాత్రం అలా నెమ్మదించడం లేదు! అజ్మలీన్ గుండె మీద ఏదో చేస్తోంది. సెర్పెంటీన్ ఇంకేదో చేస్తోంది. మనసుని చల్లబరిచేది ఏదీ వాటిలో లేదు. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో రామనాథ్ చోప్రా బృందం 1933 నుంచీ ఈ వేరుని జంతువుల మీద పరీక్షిస్తూ వచ్చింది. 1940ల నాటికి మనవాళ్ళు ఒక విషయం గమనించారు. స్ఫటికాలన్నీ తీసేశాక అడుగున మిగిలే జిగురు మడ్డి ఉంటుంది చూశారూ, రంగు మారిన తారులాంటి పదార్థం, నిద్ర పుట్టించే గుణం దాంట్లో ఉంది.

రసాయన ల్యాబులో మడ్డిని ఎవరూ ప్రేమించరు. స్ఫటికం అందంగా ఉంటుంది, దానికి ద్రవీభవన స్థానం ఉంటుంది, పేరు పెట్టొచ్చు. మడ్డి గాజు పాత్రకి అంటుకుని వదలదు. అందుకే అది సింకులోకి పోయేది.

స్విట్జర్లాండులో బాజెల్ నగరంలోని సీబా కంపెనీ ల్యాబులో ఎమిల్ ష్లిట్లర్, యొహానెస్ ముల్లర్ ఆ మడ్డినే పట్టుకున్నారు. మడ్డిని భాగాలు చెయ్యడం, ప్రతి భాగాన్నీ హ్యూగో బైన్‌కి పంపడం, ఆయన జంతువుల మీద చూసి ఇందులో ఉంది, ఇందులో లేదు అని చెప్పడం. అలా వడగట్టుకుంటూ వెళ్తే 1952లో తెల్లటి స్ఫటికాలు చేతికొచ్చాయి. అదే రిసర్పిన్.

ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు? కారణం చాలా చిన్నది, తెలిస్తే మనసుకి హత్తుకుంటుంది. ఆల్కలాయిడ్లని విడదీసే మామూలు పద్ధతి ఏమిటి? అవి క్షారాలు కాబట్టి ఆమ్లం కలిపిన నీళ్ళలోకి లాగుతాం. గట్టి క్షారాలు పిలవగానే వచ్చేస్తాయి. రిసర్పిన్ బలహీనమైన క్షారం. ఆమ్లం పిలిస్తే పలకదు, జిగురులోనే బద్ధకంగా ఉండిపోతుంది. సిద్దీఖీ గారి పనిలో లోపమేమీ లేదు. ఆ వల కన్నాలకి ఆ చేప చిక్కదు, అంతే. మేము తోలు పారెయ్యబోయినట్టే శాస్త్రం మడ్డిని పారేసింది.

రిసర్పిన్ అణువు పెద్దదే. 33 కార్బన్లు, 40 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 9 ఆక్సిజన్లు. ఐదు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఆ గుంపుకి పక్కన ఇంకో వలయం వేలాడుతూ ఉంటుంది. అందులో ఆరు కార్బన్లు కుడిచెయ్యి ఎడమచెయ్యి తేడా చూపించేవి. ఆరింటినీ సరైన దిక్కుకి తిప్పుతూ హార్వర్డులో రాబర్ట్ వుడ్‌వర్డ్ 1956లో దాన్ని ల్యాబులో మొదటి నుంచీ కట్టి చూపించాడు. ఆనాటికి అది అసాధ్యం అనుకున్న పని. మన అడవిలో నీడన పెరిగే పొద మాత్రం ఏ సద్దూ లేకుండా, గది వేడిలో, నీళ్ళలో దాన్ని చేసుకుంటుంది.

మొక్క ఎలా చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, బోర్డు మీద గియ్యను, భయపడకండి. మన పప్పుల్లో, పాలల్లో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లమే ముడి సరుకు. అది ట్రిప్టమీన్ అవుతుంది. ఇంకోవైపు నుంచి సెకోలోగనిన్ అనే చక్కెర తగిలించుకున్న పదార్థం వస్తుంది. ఒక ఎంజైము ఈ రెండింటికీ ముడి వేస్తుంది. పుట్టేది స్ట్రిక్టోసిడీన్. అక్కడి నుంచి అది కూడలిలో నిలబడ్డ మనిషి లాంటిది. ఒక దారిన వెళ్తే అజ్మలీన్, ఇంకో దారిన అజ్మలిసీన్, మరో దారిన యోహింబీన్, ఇంకా ముందుకి వెళ్తే రిసర్పిన్. ఈ ఒక్క మొక్కలో యాభైకి పైగా ఇలాంటి ఆల్కలాయిడ్లు గుర్తించారు. మన గడపల ముందు పూసే బిళ్ళగన్నేరు కూడా ఇదే కూడలి వాడుకుంటుంది. దాని వేళ్ళలోనూ అజ్మలిసీన్, సెర్పెంటీన్ ఉన్నాయి. చుట్టరికం పూలలోనే కాదు, వంటగదిలోనూ కనిపిస్తుంది.

సీబా కంటే ముందే ఈ మందుని ప్రపంచానికి చూపించింది బొంబాయి. అక్కడ రుస్తుం జాల్ వకీల్ అనే గుండె వైద్యుడు ఏళ్ళ తరబడి తన రోగులకి వేరు మాత్రలు ఇచ్చి, ప్రతిదీ రాసి పెట్టుకున్నారు. 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో 50 మంది రోగుల మీద వచ్చిన ఫలితాలు ప్రచురించారు. అప్పటిదాకా రక్తపు పోటుకి చెప్పుకోదగ్గ మందు లేదు. అన్నంలో ఉప్పు తీసేయడం, మంచానికి కట్టుబడి ఉండటం, మరీ ప్రమాదమైతే నరాలు కోసే శస్త్రచికిత్స. ఆ స్థితిలో మింగే మాత్రతో పోటు దిగుతుందని లెక్కలతో చూపించడం చిన్న విషయం కాదు. బోస్టన్‌లో రాబర్ట్ విల్కిన్స్ ఆ వ్యాసం చదివి, వేరు తెప్పించుకుని, తన రోగుల మీద వాడి, అవునన్నాడు. వకీల్ గారికి 1957లో అమెరికాలో లాస్కర్ పురస్కారం ఇచ్చారు. ఆ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనబడదో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకొక లెక్క చెబుతాను. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం, 1967లో వచ్చింది. రక్తపు పోటు కొలతలో కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళు. 73 మందికి మందు, 70 మందికి ఉత్త మాత్ర. ఆ మందులో మూడు కలిసి ఉన్నాయి, వాటిలో ఒకటి రిసర్పిన్. ఉత్త మాత్ర వాడినవాళ్ళలో పక్షవాతం, గుండె దెబ్బతినడం లాంటి తీవ్రమైన ఉపద్రవాలు 27 మందికి వచ్చాయి. మందు వాడినవాళ్ళలో ఇద్దరికి. రక్తపు పోటు తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని ప్రపంచం నమ్మింది ఆ లెక్కతో. ఇవాళ మన ఇళ్ళల్లో పొద్దున్నే పెద్దవాళ్ళు వేసుకునే బీపీ మాత్రల పరంపరకి అది పునాది. ఆ పునాదిలో ఈ వేరు ఉంది.

ఇప్పుడు అసలు విషయం. రిసర్పిన్ ఏం చేస్తుంది?

మన నరాల చివర్లలో కంటికి కనిపించని చిన్న చిన్న సంచులు ఉంటాయి. ఒక నరం ఇంకో నరంతోనో, కండతోనో, రక్తనాళంతోనో మాట్లాడాలంటే ఆ సంచి విప్పి, అందులోని గింజలు చల్లుతుంది. ఆ గింజలే నార్‌ఎడ్రినలిన్, డోపమిన్, సెరటోనిన్. చల్లాక మిగిలినవాటిని, కొత్తగా తయారైనవాటిని మళ్ళీ సంచిలోకి ఎత్తి పోసే కూలీ ఒకడుంటాడు. అదొక ప్రొటీన్, సంచి గోడలోనే ఉంటుంది. రిసర్పిన్ వచ్చి ఆ కూలీ చెయ్యి పట్టుకుంటుంది, ఇక వదలదు. గింజలు సంచిలోకి చేరవు, బయటే పడి ఉంటాయి. ఆరుబయట పోసిన వడ్లని ఎలుకలు ఉంచుతాయా? నరంలో కూడా అలాంటి ఎంజైము ఉంది, బయట పడ్డదల్లా నమిలేస్తుంది. కొన్ని గంటల్లో గాదె ఖాళీ.

గాదె ఖాళీ అయితే రక్తనాళాల్ని బిగించమని చెప్పే నార్‌ఎడ్రినలిన్ ఉండదు. నాళాలు సడలుతాయి, పోటు దిగుతుంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడులో కలవరం పెట్టే కబురు ఆగుతుంది, కేకలు వేసే మనిషి కూర్చుంటాడు. న్యూయార్క్ దగ్గర ఒక పిచ్చాసుపత్రిలో నేథన్ క్లైన్ 1954లో ప్రచురించింది ఇదే.

కానీ గాదె అన్ని చోట్లా ఒకేసారి ఖాళీ అవుతుంది. ముక్కులోని రక్తనాళాలు కూడా సడలుతాయి, అందుకే రిసర్పిన్ వాడినవాళ్ళకి ముక్కు దిబ్బడ. పొట్టలో ఆమ్లం పెరుగుతుంది, పుండు ఉన్నవాళ్ళకి ప్రమాదం. డోపమిన్ ఖాళీ అయితే ఒళ్ళు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి, నడక చిన్న చిన్న అడుగులవుతుంది. కొందరు మనసు చచ్చిపోయినట్టు, దేని మీదా ఆశ లేనట్టు అయిపోయారు. ఈ ఆఖరి అభియోగం మీద తర్వాతి పరిశోధకులు ఒక్క మాట మీద లేరు, మోతాదు ఎక్కువైన రోజుల్లో వచ్చిన పేరనే వాదమూ ఉంది. అయినా దిగులు జబ్బు ఉన్నవాళ్ళకి ఇది ఇవ్వకూడదనే హెచ్చరిక అలాగే ఉంది, ఉండాలి కూడా.

నేను పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఒక చోట ఆగి మళ్ళీ చెప్పేదాన్ని. ఇక్కడా చెబుతాను. ఈ వేరు చేసే మేలు వేరు, కీడు వేరు అని రెండు లేవు. మేలు చేసేదొక పదార్థం, కీడు చేసేది ఇంకొకటి, రెండోదాన్ని శుద్ధి చేసి తీసేస్తే సరిపోతుందనే ఆశ ఇక్కడ కుదరదు. చేసే పని ఒక్కటే, గాదె ఖాళీ చెయ్యడం. ఎంత ఖాళీ చేశామన్నదే మందుకీ హానికీ మధ్య గీత. పైగా ఆ కూలీ చెయ్యి వదలదన్నాను కదా, మందు ఆపేసినా కొత్త సంచులు తయారై రావాలి, దానికి రోజులు, వారాలు పడుతుంది. ఈ రోజు ఎక్కువైందని రేపు మానేస్తే ఎల్లుండికి తేరుకునే సరుకు కాదిది.

ఈ ఖాళీతనమే శాస్త్రానికి ఒక కిటికీ తెరిచింది. 1955లో అమెరికాలో బ్రోడీ బృందం రిసర్పిన్ ఇస్తే సెరటోనిన్ తరిగిపోతుందని చూపించింది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్సన్ 1957లో కుందేళ్ళకి రిసర్పిన్ ఇచ్చాడు. చెవులు వేలాడేసి, కదలకుండా, తోలుబొమ్మల్లా పడి ఉన్నాయి. అప్పుడు వాటికి ఎల్-డోపా సూది ఇచ్చాడు, అది ఒంట్లో డోపమిన్‌గా మారే పదార్థం. నిమిషాల్లో చెవులు నిక్కబొడుచుకుని లేచి నడిచాయి. డోపమిన్ అనేది మెదడులో దానంతట అదే ఒక దూత అని, కదలికకి అది కావాలని తేలింది. కంపవాతం, అంటే పార్కిన్సన్ జబ్బు, ఉన్నవాళ్ళ మెదడులో తరిగిపోయినది అదేనని 1960లో వియన్నా నుంచి కబురొచ్చింది. ఇవాళ్టికీ పార్కిన్సన్ జబ్బుకి ముఖ్యమైన మందు ఎల్-డోపానే. కార్ల్సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

ఆ ఎల్-డోపా మనకి కొత్తదా? కాదు. చేలగట్ల మీద అల్లుకునే దూలగొండి తెలుసు కదా, ఒళ్ళంతా దురద పెట్టేది. దాని గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో విడదీసి చూపించారు. గాదె ఖాళీ చేసే వేరూ, దాన్ని మళ్ళీ నింపే గింజా ఒకే నేలలో మొలిచాయి. వాటి మధ్య చుట్టరికం తెలియడానికి మాత్రం కుందేళ్ళు కావలసి వచ్చాయి.

ఇప్పుడు రిసర్పిన్ వాడకం బాగా తగ్గింది, దానికంటే మెరుగైన మందులు వచ్చాయి. కానీ ఆ కూలీ చెయ్యి పట్టుకోవడమనే ఉపాయం బతికే ఉంది. ముఖం, నాలుక, చేతులు వాటంతటవే కదిలిపోయే జబ్బులకి టెట్రాబెనజిన్, దాని వెనక 2017లో అమెరికాలో అనుమతి పొందిన మరో రెండు మందులు, అదే ప్రొటీన్ మీద పనిచేస్తాయి. వాటి పట్టు వదులుగా ఉంటుంది, మానేస్తే త్వరగా వదిలేస్తాయి. అజ్మలీన్ కూడా ఇంకా ఉద్యోగం చేస్తోంది. ఉన్నట్టుండి గుండె ఆగిపోయే బ్రుగాడా జబ్బు కొందరి ఈసీజీలో దాక్కుని ఉంటుంది. ఆసుపత్రిలో, అన్ని జాగ్రత్తల మధ్య, అజ్మలీన్ సూది ఇస్తే అది బయటపడుతుంది. ఢిల్లీ హకీము పేరు అలా ప్రపంచంలోని గుండె ఆసుపత్రుల్లో వినిపిస్తూనే ఉంది.

(సభలో ఒక పెద్దావిడ లేచి, తమ ఊళ్ళో ఒకాయన బీపీకి సర్పగంధ చూర్ణం చెంచాతో కొలిచి ఇస్తున్నాడని, వేసుకోవచ్చా అని అడిగారు.)

మంచి ప్రశ్న అమ్మా, కూర్చోండి. ఇంగ్లీషు మాత్రలు వేసుకుంటున్నారా? సరే. లెక్క చూద్దాం. మంచి వేరులో రిసర్పిన్ వర్గం కనీసం 0.15 శాతం ఉండాలని ప్రమాణం. బీపీకి రోజూ వాడే రిసర్పిన్ మోతాదు మామూలుగా పావు మిల్లీగ్రాము దాటకూడదు. అంటే ఎంత వేరు? 170 మిల్లీగ్రాములు కూడా కాదు. రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు. చెంచాకి ఎన్ని చిటికెలో ఇంట్లో ఉప్పుతో కొలిచి చూడండి. పైగా 0.15 అనేది కనీసం మాత్రమే. ఏ అడవిదో, ఏ నెలలో తవ్విందో, తోలు ఎంత మిగిలిందో బట్టి ఒక సంచిలో ఎక్కువ, ఒక సంచిలో తక్కువ. ఆయన మంచివాడే కావచ్చు. చెంచాకి ఈ తేడా తెలియదు కదమ్మా. మీ మాత్రలతో పాటు ఇదీ వేసుకుంటే పోటు మరీ దిగిపోయి, లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉంది. మాత్రలు మానేసి ఇది వేసుకోవడం ఇంకా తప్పు. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచుకోకుండా మీ డాక్టరుగారికి చెప్పండి. ముక్కు దిబ్బడ ఉందా, నిద్రమత్తుగా ఉందా, మనసు బాగోలేదా, అవన్నీ కూడా చెప్పండి. ఆయుర్వేదం వాడాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుల దగ్గరికి వెళ్ళండి, వాళ్ళకి దీని మోతాదూ తెలుసు, ఎవరికి ఇవ్వకూడదో కూడా తెలుసు.

ఇంకో బెడద. ఆ చూర్ణం సర్పగంధేనా? దీనికి ఒక అక్క ఉంది, రావుల్ఫియా టెట్రాఫిల్లా. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి మన రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద స్థిరపడిపోయింది. దానికీ కణుపుకి నాలుగాకులు, దానికీ చేదు వేరు. అందులోనూ ఆల్కలాయిడ్లు ఉన్నాయి, కానీ పాళ్ళు వేరు. ఎండబెట్టి పొడి చేస్తే కంటితో పోల్చుకోలేం. సూక్ష్మదర్శిని కింద మాత్రం దొరికిపోతుంది. అక్క వేరు బెరడులో గోడలు మందంగా ఉండే రాతి కణాలు గుంపులుగా కనిపిస్తాయి. సర్పగంధ బెరడులో అవి ఉండవు. పొడిలో ఒక్క రాతి కణం కనబడినా నేను సంచి వెనక్కి పంపేసేదాన్ని.

కల్తీ ఎందుకు పెరిగిందంటే అసలు మొక్క తగ్గిపోయింది కాబట్టి. 1950లలో ప్రపంచం మొత్తానికీ ఒక్కసారిగా ఈ వేరు కావలసి వచ్చింది. ఆకు కోస్తే మొక్క బతుకుతుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. అడవి నుంచి బస్తాలు బస్తాలుగా తరలిపోయింది. తర్వాత మన దేశం ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది, కంపెనీలు ఆఫ్రికాలో దొరికే ఇంకో రావుల్ఫియా వైపు మళ్ళాయి, అందులో రిసర్పిన్ ఎక్కువ. 1990 నుంచి సర్పగంధ, అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటిస్) రెండో అనుబంధంలో ఉంది, అంటే అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు.

పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచవచ్చు, ఓపిక కావాలి. గింజలు చాలా భాగం మొలవవు, రాయిలా గట్టి పెంకు, చాలావాటిలో లోపల పప్పే ఉండదు. నీళ్ళలో వేసి తేలినవి తీసేసి, మునిగినవే నాటుకోవాలి. వేరు ముక్కలతో కూడా మొలిపించవచ్చు. ఏడాదిన్నర దాటితే గానీ తవ్వడానికి రాదు. చలికాలంలో ఆకు రాల్చాక తవ్వుతారు, ఆల్కలాయిడ్లు అప్పుడు వేరులో బాగా పోగై ఉంటాయి. తవ్వేటప్పుడు, కడిగేటప్పుడు తోలు ఊడకుండా చూసుకోవాలి. ఎందుకో మీకు నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇందాక పంపిన ముక్క వెనక వరసకి చేరిందా? చేరిందట. దాన్ని అలాగే ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకురండి. అక్కడ రెండు సూక్ష్మదర్శినులు పెట్టించాను. ఒకదాంట్లో రాతి కణాలు కనిపిస్తాయి, ఇంకోదాంట్లో కనిపించవు. ఏది సర్పగంధో నేను రాసి పెట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి చూసి మీరే చెప్పండి. అద్దం సర్దుకునేటప్పుడు కాస్త నెమ్మదిగా తిప్పండి, స్లైడు పగులుతుంది.